ఒకే డెస్క్‌టాప్, ఇరవై మంది: ఆఫీసు లైసెన్సు ఎవరి పేరున?

2023 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి పదిన్నరకి ఫోను మోగింది. ఎడిసన్‌లో టాక్సు రిటర్నులు చేసే చిన్న ఆఫీసు నడుపుతున్న మా ఇంజనీరింగు కాలేజీ మిత్రుడు. "ఒరేయ్, వర్డు తెరుచుకుంటోంది గానీ టైపు చెయ్యనివ్వట్లేదు. బెజవాడ వాళ్ళు పన్నెండు మందీ చేతులు కట్టుకుని కూర్చున్నారు," అన్నాడు. వాళ్ళకి అక్కడ శనివారం పొద్దున్న. ఇక్కడ టాక్సు సీజను. ఆ లైసెన్సులు కొనమని చెప్పింది సాక్షాత్తూ నేనే!

ఆ రాత్రి నేను నేర్చుకున్నదే ఈ నెల మన పాఠం. పంచుకునే డెస్క్‌టాపుల మీద ఆఫీసు పెట్టాలంటే లైసెన్సు లెక్క ఎలా వేసుకోవాలి? ప్రోగ్రామర్లమైన మనకి ఇది గుమాస్తా పనిలా అనిపిస్తుంది. కానీ సొంతంగా చిన్న కన్సల్టింగు కంపెనీ పెట్టుకున్నవాళ్ళూ, హైదరాబాదులోనో విజయవాడలోనో నలుగురిని పెట్టుకుని పని చేయించుకునేవాళ్ళూ మన పాఠకుల్లో చాలామందే ఉన్నారు. ఏదో ఒక రోజు ఈ ప్రశ్న మీ గుమ్మం ఎక్కక మానదు.

ముందు మా వాడి ఏర్పాటు చెబుతాను. ఎడిసన్‌లో ఎనిమిది మంది, విజయవాడలో పన్నెండు మంది. ఎడిసన్ వాళ్ళు ఏడాది పొడుగునా ఉంటారు. విజయవాడ వాళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. క్లయింట్ల ఫైళ్ళు విజయవాడ లాప్‌టాపుల్లోకి దిగకూడదు. అందుకని మైక్రోసాఫ్టు వారి అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లో మూడు యంత్రాలు తీసుకుని, ఇరవై మందీ వాటిలోకే లాగిన్ అయ్యేట్టు పెట్టాం. ఫైళ్ళన్నీ అమెరికాలోనే ఉంటాయి, విజయవాడకి వెళ్ళేది తెర మీది బొమ్మ మాత్రమే. (టాక్సు పని చేసేవాళ్ళకి ఒక మాట. డెస్క్‌టాపు అమెరికాలో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇన్‌కమ్ టాక్సు చట్టంలో సెక్షన్ 7216 ప్రకారం, రిటర్ను వివరాలు దేశం బయట ఉన్నవాళ్ళకి చూపాలంటే క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మా వాడు ఆ సంతకాలు ముందే తీసుకున్నాడు. ఆ విషయంలో వాడు నాకంటే జాగ్రత్తపరుడు.)

ఆ మూడు యంత్రాల్లో ఉన్నది విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ మల్టీ సెషన్. పేరులోనే ఉంది, ఒకే విండోస్ మీద ఒకే సమయంలో చాలామంది పని చేసుకోవచ్చు. ఇంట్లో వాడే విండోస్‌కి ఆ వెసులుబాటు లేదు. దాని మీద ఆఫీసు ముందే ఎక్కించి ఉన్న ఇమేజి అజూర్ అంగట్లోనే దొరుకుతుంది. అదే తీసుకున్నాం.

ఇక లైసెన్సులు. 2022 డిసెంబరులో మా వాడు "ఏం కొనమంటావురా?" అనడిగితే, "మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్ తీసుకో. ఈమెయిలు ఉంటుంది, వర్డు, ఎక్సెల్ అన్నీ ఉంటాయి, మనిషికి నెలకి 12.50 డాలర్లు," అన్నాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఇరవై తీసుకుని ఏడాదికి ఒప్పందం చేసుకున్నాడు. జనవరి అంతా విజయవాడ వాళ్ళు పాత క్లయింట్ల వివరాలు టాక్సు సాఫ్టువేరులోకి ఎక్కించడంలోనే గడిపారు, ఎక్సెల్ జోలికి వెళ్ళలేదు. ఎడిసన్ వాళ్ళకి సొంత లాప్‌టాపుల మీద ఆఫీసు ఉంది. అందుకే లోపం ఫిబ్రవరి దాకా బయటపడలేదు.

ఆ రాత్రి తెర మీద కనిపించిన సందేశం తెలుగులో చెప్పాలంటే ఇది: మీ ఖాతాలో మాకు కనిపించిన ఉత్పత్తులు షేర్డ్ కంప్యూటర్ మీద ఆఫీసును యాక్టివేట్ చేయడానికి పనికిరావు. యాక్టివేషన్ లేని ఆఫీసు ఫైలు చూపిస్తుంది, ప్రింటు తీయనిస్తుంది. కొత్తది రాయనివ్వదు, ఉన్నది దిద్దనివ్వదు.

ఎందుకిలా అంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మనలో చాలామంది అమీర్‌పేట హాస్టళ్ళ మీదుగా వచ్చినవాళ్ళమే కాబట్టి అక్కడి లెక్కలోనే చెబుతాను. హాస్టల్లో మంచానికి ఒక అద్దె, మెస్సుకి ఒక అద్దె. మంచం అద్దె మంచానికే. పగలు డ్యూటీ వాడొకడు, రాత్రి డ్యూటీ వాడొకడు ఒకే మంచం మీద వంతులేసుకుని పడుకున్నా ఓనరుకి రావలసింది ఒక మంచం డబ్బులే. మెస్సు కార్డు అలా కాదు. అది తలకి ఇంత. కార్డు మీద పేరుంటుంది. మీరు మధ్యాహ్నం తిని, అదే కార్డు రాత్రికి మీ రూమ్మేటుకి ఇస్తే మెస్సు ఆయన ఊరుకోడు.

ఆఫీసు లైసెన్సు మొదట్లో మంచం లెక్క. తర్వాత మెస్సు కార్డు లెక్కకి మారింది. చాలామందికి ఇప్పటికీ తలలో మంచమే ఉండిపోయింది. తికమక అంతా అక్కడే మొదలవుతుంది.

ఒక విండోస్‌ని పదిమంది దూరం నుంచి పంచుకోవడం మబ్బు కంప్యూటింగు కంటే చాలా పాతది. 1995లో సిట్రిక్స్ వారి విన్‌ఫ్రేమ్ వచ్చింది. 1998లో మైక్రోసాఫ్టు వారే ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్ తెచ్చారు. 2009లో విండోస్ సర్వర్ 2008 ఆర్2తో దాని పేరు రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ అయింది. ఆ సర్వర్ల మీద ఆఫీసు పెట్టాలంటే వాల్యూమ్ లైసెన్సు కొనాలి. దాన్ని పరికరం చొప్పున లెక్కపెడతారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పరికరం అంటే సర్వరు కాదు, మీ ఒళ్ళో ఉన్న లాప్‌టాపు! సర్వరు మీద ఆఫీసు ఒక్కసారే ఎక్కించినా, యాభై లాప్‌టాపుల నుంచి దాన్ని తెరుస్తుంటే యాభై లైసెన్సులు ఉండాలి. "ఇన్‌స్టాల్ చేసింది ఒకటే కదా, ఒక లైసెన్సు చాలదా?" అని అడిగిన మేనేజర్లని నేను ఇద్దరిని చూశాను. వాళ్ళ దృష్టిలో మంచం సర్వరు. లైసెన్సు దృష్టిలో మంచం లాప్‌టాపు. అలాగని ఈ లెక్క ఎప్పుడూ నష్టమే అని కాదు. కాల్ సెంటరులో ఒకే కంప్యూటరు ముందు మూడు షిఫ్టుల్లో ముగ్గురు కూర్చుంటే ఒక్క లైసెన్సుతో సరి. ఆఫీస్ ఎల్‌టీఎస్‌సీ 2024 పేరుతో వచ్చే వాల్యూమ్ ఆఫీసుది నేటికీ ఈ పరికరం లెక్కే.

2011లో ఆఫీసు 365 వచ్చింది. అప్పటినుంచి మెస్సు కార్డు యుగం. నెలకి ఇంతని మనిషి పేరున కడతారు, ఆ మనిషి 5 కంప్యూటర్లు, 5 టాబ్లెట్లు, 5 ఫోన్ల మీద ఆఫీసు పెట్టుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది గానీ, పంచుకునే సర్వరు దగ్గర ఇది కుదరలేదు. అక్కడ యంత్రం ఒకటే, వచ్చిపోయే మనుషులు పదిమంది. ఆఫీసుని ఎవరి పేరున యాక్టివేట్ చేయాలి? దాంతో నెలనెలా ఆఫీసు 365కి డబ్బు కడుతున్న కంపెనీలు కూడా టెర్మినల్ సర్వరు కోసం వాల్యూమ్ కాపీనే ఎక్కించాల్సి వచ్చేది.

దానికి విరుగుడుగా 2014 సెప్టెంబరులో వచ్చినదే షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్. సూత్రం తేలిక. ఆఫీసుని యంత్రం మీద ఎవరి పేరూ లేకుండా ఎక్కిస్తారు. ఎవరు లాగిన్ అయి వర్డు తెరిస్తే వాళ్ళ ఖాతాని ఆఫీసు ఇంటర్నెట్టులో అడిగి చూస్తుంది. లైసెన్సు ఉంటే చిన్న టోకెను ఒకటి తెచ్చి ఆ మనిషి ప్రొఫైలు ఫోల్డరులో పెడుతుంది. టోకెను ఆయుష్షు కొద్ది రోజులే. ఆ మనిషి మళ్ళీ వచ్చి వాడుతుంటే గడువుకి ముందే ఆఫీసు తనంతట తాను కొత్తది తెచ్చుకుంటుంది. ఇలా వాడినది ఆ అయిదు కంప్యూటర్ల కోటాలోకి రాదు. అంటే ఇంటి లాప్‌టాపు, ఆఫీసు లాప్‌టాపు అలాగే ఉండగా షేర్డ్ డెస్క్‌టాపు అదనం.

మరి మా వాడి దగ్గర ఎందుకు పనిచేయలేదు? ఈ సదుపాయం అన్ని ప్లాన్లలోనూ లేదు, అదీ సంగతి. మైక్రోసాఫ్ట్ 365 యాప్స్ ఫర్ ఎంటర్‌ప్రైజ్‌లో ఉంది (2020 ఏప్రిల్ దాకా దీని పేరు ఆఫీస్ 365 ప్రోప్లస్). అది కలిసి వచ్చే ఇ3, ఇ5ల్లో ఉంది. 300 మంది లోపు సంస్థలకి అమ్మే బిజినెస్ ప్లాన్లలో ఒక్క బిజినెస్ ప్రీమియంలోనే ఉంది. బిజినెస్ స్టాండర్డ్‌లో లేదు, యాప్స్ ఫర్ బిజినెస్‌లో లేదు. వర్డు అదే, ఎక్సెల్ అదే, లాప్‌టాపు మీద తేడా రవ్వంత కనిపించదు. పంచుకునే యంత్రం మీద కూర్చున్నప్పుడే తేడా తెలుస్తుంది. ప్లాన్లని పోల్చే పట్టికలో నేను ఈమెయిలు, స్టోరేజి, వర్డు, ఎక్సెల్ వరుసలు చూసి ఆగిపోయాను. కింద ఉన్న ఈ వరుస దాకా వెళ్ళలేదు.

ఆ రాత్రి ఇంకో మాట కూడా వచ్చింది. మా వాడి మేనల్లుడు విజయవాడలో ఆ జట్టుకి పెద్ద. మంచి చురుకైన కుర్రాడు. కాన్ఫరెన్సు కాల్లోకి వచ్చి, "అంకుల్, రిజిస్ట్రీలో షేర్డ్ కంప్యూటర్ లైసెన్సింగ్ అని ఒక విలువ ఉంది. ఇమేజిలో అది 1 ఉంది. 0 చేసేస్తే మామూలు లాప్‌టాపు అనుకుని యాక్టివేట్ అయిపోతుందేమో, చూడమంటారా?" అన్నాడు.

కుర్రాడు సరైన చోటే వేలు పెట్టాడు. ఆ విలువే షేర్డ్ పద్ధతికి మీట. దాన్ని తీసేస్తే ఆ పూటకి పని జరిగినట్టే కనిపించవచ్చు కూడా. కానీ వద్దన్నాను. కారణం భయం ఒక్కటే కాదు. ఆ మీట ఆఫీసుకి "నువ్వు ఎలాంటి యంత్రం మీద ఉన్నావు" అని చెప్పేది. మీట మార్చినంత మాత్రాన యంత్రం మారదు, మనకి లేని హక్కు రాదు. రేపు ఎవరైనా లెక్క అడిగితే తప్పు తెలియక జరిగిందని చెప్పుకునే అవకాశం కూడా పోతుంది. తెలిసే మార్చాం కదా! పైగా జనం సోషల్ సెక్యూరిటీ నంబర్లు పెట్టుకుని కూర్చున్న ఆఫీసు అది. అలాంటి చోట చిట్కాలతో బండి నడపడం నాకు నచ్చదు. (మన మొదటి ఆఫీసు సీడీ ఎక్కడి నుంచి తెచ్చుకున్నామో ఇప్పుడు గుర్తు చేసుకోనక్కర్లేదు లెండి.)

మేనల్లుడి ప్రశ్న వల్ల ఇంకో మేలు జరిగింది. ఆఫీసు సరే, మరి విండోస్ సంగతేమిటి అని వెతకడం మొదలుపెట్టాను. గుండె గుభేలుమంది అక్కడే. అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లో విండోస్ 11 మల్టీ సెషన్ వాడాలంటే ప్రతి మనిషికీ దానికి తగ్గ విండోస్ లైసెన్సు విడిగా ఉండాలి. మైక్రోసాఫ్ట్ 365 ఇ3, ఇ5, బిజినెస్ ప్రీమియం, విండోస్ ఎంటర్‌ప్రైజ్ ఇ3 లాంటివి అందుకు చెల్లుతాయి. బిజినెస్ స్టాండర్డ్ చెల్లదు. అంటే ఇరవై మందిలో ఎవ్వరికీ ఆ డెస్క్‌టాపు తెరిచే హక్కే లేదు. అయినా నెల రోజులుగా రోజూ హాయిగా తెరుచుకుంటోంది! ఆఫీసు గుమ్మం దగ్గర టికెట్టు అడిగింది. విండోస్ అడగలేదు. అడగకపోతే టికెట్టు అక్కర్లేదని నేను అనుకున్నాను. రైల్లో టీసీ రాలేదు కాబట్టి ప్రయాణం ఉచితం అనుకున్నట్టు.

నన్నడిగితే ఆఫీసు ఇచ్చిన ఎర్రర్ ఒక ఉపకారం. అది రాకపోయి ఉంటే విండోస్ బాకీ అలా పెరుగుతూనే ఉండేది.

విండోస్ 11 బదులు విండోస్ సర్వర్ పెట్టుకునేవాళ్ళకి ఈ విండోస్ లెక్క ఇంకో రకం. అజూర్‌లో యంత్రం అద్దెలోనే సర్వర్ లైసెన్సు కలిసి వస్తుంది. కానీ దూరం నుంచి డెస్క్‌టాపులోకి రావడానికి రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ కాల్ అనే లైసెన్సు విడిగా ఉండాలి. "కాల్ కొన్నాం కదా, అందులో ఆఫీసు రాదా?" అని అడుగుతారు. రాదు. అది గదిలోకి రావడానికి. ఆఫీసు గదిలో ఉన్న వస్తువు. దేని డబ్బు దానిదే. విజియో, ప్రాజెక్టు కూడా వాడితే వాటికీ మళ్ళీ విడి లైసెన్సులే.

అర్ధరాత్రి దాటాక ఇద్దరం కాగితం ముందేసుకున్నాం. ఇవి 2023 నాటి అమెరికా ధరలు, పన్నులు కలపకుండా, ఏడాది ఒప్పందం మీద. మీరు కొనేనాటికి మారి ఉంటాయి, సరిచూసుకోండి. బిజినెస్ స్టాండర్డ్ 12.50, ప్రీమియం 22, యాప్స్ ఫర్ ఎంటర్‌ప్రైజ్ 12 డాలర్లు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి, తమాషాగా ఉంటుంది. షేర్డ్ డెస్క్‌టాపు మీద పనిచేయని స్టాండర్డ్ కంటే పనిచేసే యాప్స్ ఫర్ ఎంటర్‌ప్రైజే అర డాలరు చౌక! అయితే అందులో ఈమెయిలు లేదు. 6 డాలర్ల బిజినెస్ బేసిక్ కలిపితే మెయిలూ వస్తుంది, మొత్తం 18, ప్రీమియం కంటే 4 డాలర్లు మిగులు. ఆహా అనుకుంటుండగా విండోస్ గుర్తొచ్చింది. ఈ జంటలో విండోస్ హక్కు లేదు. అది విడిగా కొంటే ఆ మిగులు కాస్తా కరిగిపోతుంది. ఎప్పటినుంచో విండోస్ సర్వర్ మీద, కాల్‌లు కొనుక్కుని ఉన్నవాళ్ళకైతే ఆ 18 డాలర్ల దారి ఆలోచించదగ్గదే. మా వాడికి ప్రీమియమే సరైనది. ఉన్న స్టాండర్డ్ ఉంచుకుని దాని మీద యాప్స్ ఫర్ ఎంటర్‌ప్రైజ్ కలుపుదామా అంటే 24.50 అవుతుంది. ప్రీమియం కంటే ఎక్కువ, విండోస్ హక్కు లేకుండా.

బ్రౌజరులో నడిచే ఎక్సెల్ వాడొచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. దానికి షేర్డ్ యాక్టివేషన్ గొడవ లేదు, నిజమే. కానీ మా వాడి పట్టికల నిండా వీబీఏ మాక్రోలు. బ్రౌజరు ఎక్సెల్‌లో అవి నడవవు. లిబ్రే ఆఫీసు సంగతీ చూశాం. ఎంతమందికి పెట్టుకున్నా, ఏ సర్వరు మీద పెట్టుకున్నా పైసా అడగదు, తలల లెక్కే లేదు. ఉత్తరాలు రాసుకోవడానికీ, మామూలు పట్టికలకీ నేను మొదట దాన్నే చెబుతాను. ఇక్కడ అడ్డం పడ్డవి మళ్ళీ ఆ మాక్రోలే. టాక్సు సీజను నడుమ మాక్రోలు తిరగరాయమని చెప్పే ధైర్యం నాకు లేదు, వినే ఓపిక వాడికి లేదు.

ఏడాది ఒప్పందం రద్దు చేసుకోవడానికి గడువు కొన్న 7 రోజుల లోపే. అది డిసెంబరులోనే దాటిపోయింది. మధ్యలో పై ప్లానుకి మారడానికి మాత్రం అనుమతి ఉంది. ఇరవై స్టాండర్డ్‌లనీ ప్రీమియంకి మార్చాం. విజయవాడ వాళ్ళు లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అయ్యారు. వర్డు నోరు మెదపకుండా తెరుచుకుంది. వాళ్ళకి మధ్యాహ్నం భోజనాల వేళ, నాకు తెల్లవారుజాము రెండు.

నా పొరపాటు ఖరీదెంతో మర్నాడు లెక్కేశాను. సీజను మనుషులకి ఏడాది ఒప్పందం అక్కర్లేదు, నెలవారీ ఒప్పందం కూడా ఉంది. ధర 20 శాతం ఎక్కువ, అంటే ప్రీమియంకి 26.40 డాలర్లు. కానీ అక్కర్లేని నెలలకి కట్టక్కర్లేదు. మొదటే సరిగ్గా చెప్పి ఉంటే, ఎడిసన్ ఎనిమిది మందికి ఏడాది ప్రీమియం 2,112 డాలర్లు, విజయవాడ పన్నెండు మందికి నాలుగు నెలల నెలవారీ ప్రీమియం 1,267.20, మొత్తం 3,379.20తో అయిపోయేది. ఇప్పుడు రెండు నెలల స్టాండర్డ్ 500, పది నెలల ప్రీమియం 4,400, మొత్తం 4,900. తేడా 1,520.80 డాలర్లు. అందులో సగం నేను పెట్టుకుంటానన్నాను. మా వాడు ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సగం వద్దుగానీ, వచ్చే ఏడాది నువ్వే ఆ పట్టిక చివరిదాకా చదువు," అన్నాడు.

పెద్ద గండం దాటాక చిన్నవి రెండు వచ్చాయి. మొదటిది, విజయవాడలో కొందరికి పొద్దున్నే లాగిన్ అయినప్పుడల్లా ఆఫీసు మళ్ళీ పాస్‌వర్డు అడిగేది. యంత్రాలు మూడు కదా, నిన్న ఒకదానిలో, ఇవాళ ఇంకోదానిలో పడతారు. టోకెను ఉండేది ప్రొఫైలు ఫోల్డరులో అని చెప్పుకున్నాం. ప్రొఫైలు నిన్నటి యంత్రంలో ఉండిపోతే టోకెను కూడా అక్కడే ఉండిపోతుంది. పైగా ఒక మనిషి కొద్ది కాలంలో మరీ ఎక్కువ షేర్డ్ యంత్రాల మీద యాక్టివేట్ చేస్తుంటే దుర్వినియోగం అనుకుని ఆపే పరిమితి కూడా ఉంది. ఎఫ్ఎస్‌లాజిక్స్ ప్రొఫైలు కంటెయినర్ పెట్టి, ప్రొఫైలు మనిషి వెంటే అన్ని యంత్రాలకీ వెళ్ళేట్టు చేస్తే ఆ గొడవ సద్దుమణిగింది. మీ ఏర్పాటులో ఒకటికి మించి యంత్రాలుంటే ఇది మొదటి రోజే పెట్టండి.

రెండోది మనుషుల గొడవ. మార్చిలో రాత్రి షిఫ్టుకి ఇంకో ఆరుగుర్ని తీసుకుంటానన్నాడు మా వాడు. "పగటి వాళ్ళ లాగిన్లే రాత్రి వాళ్ళకి ఇస్తా. ఇద్దరూ ఒకేసారి కూర్చోరుగా?" అన్నాడు. చూశారా, మళ్ళీ మంచం లెక్క! ఇది మెస్సు కార్డు బాబూ అన్నాను. లైసెన్సు మనిషి పేరున ఉంటుంది. ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఇవ్వొచ్చు గానీ, మామూలుగా 90 రోజులకి ఒకసారే. మనిషి ఉద్యోగం మానేసినా, తాత్కాలికంగా రాకపోయినా మినహాయింపు ఉంది గానీ, పగలొకరు రాత్రొకరు అన్నది అందులోకి రాదు. లైసెన్సు సంగతి అలా ఉంచి, టాక్సు ఆఫీసులో ఏ రిటర్ను ఎవరు దిద్దారో తెలియకపోతే ఎలా? ఆ మాటకి వాడు వెంటనే ఒప్పుకున్నాడు. ఆరు నెలవారీ ప్రీమియంలు తీసుకున్నాం.

అదే నెలలో వాడికి ఇంకో ఆలోచన వచ్చింది, అజూర్ బిల్లు చూసి. ఇవే లైసెన్సులు పట్టుకుని ఇంకో మబ్బుకి వెళ్ళిపోతే? పాఠంలో మిగిలిన భాగం ఇదే. ఎవరు వాడుతున్నారు, ఏ ప్లాను అన్నవే కాక, ఎవరి యంత్రం మీద అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2019 అక్టోబరు 1 నుంచి మైక్రోసాఫ్టు నిబంధనల్లో లిస్టెడ్ ప్రొవైడర్లు అని ఒక జాబితా ఉంది: అలీబాబా, అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్టు. 2022 అక్టోబరులో మైక్రోసాఫ్టు నిబంధనలు సడలించి, కస్టమర్లు తమ లైసెన్సుల్ని ఇతర హోస్టింగు కంపెనీల యంత్రాల మీదకి తీసుకెళ్ళొచ్చని చెప్పింది. ఆ సడలింపు జాబితాలోని వాళ్ళకి వర్తించదు. అప్పట్లో అమెజాన్ వర్క్‌స్పేసెస్ మీద సొంత మైక్రోసాఫ్ట్ 365 ఆఫీసు పెట్టుకోవడానికి వీల్లేదు. 2023 ఆగస్టు నుంచి దానికి మాత్రం దారి తెరిచారు, ఇ3, ఇ5, బిజినెస్ ప్రీమియం లాంటి ప్లాన్లకి. అంటే మా వాడు అడిగిన మార్చిలో కుదరనిది అయిదు నెలల తర్వాత కుదిరింది. యూరప్‌లోని మబ్బు కంపెనీల సంఘం సిస్పే ఇలాంటి షరతుల మీదే 2022లో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసి, 2024 జూలైలో మైక్రోసాఫ్టుతో రాజీ పడింది. సాఫ్టువేరు అమ్మేవాళ్ళూ, యంత్రం అద్దెకిచ్చేవాళ్ళూ ఒకరే అయినప్పుడు ఇలాంటి పేచీలు తప్పవు. వంటపాత్రలు అమ్మేవాడే పొయ్యి కూడా అద్దెకిస్తుంటే, పక్కవాడి పొయ్యి మీద మన గిన్నె పెట్టడం ఆయనకి ఎందుకు నచ్చుతుంది?

ఇదంతా విని మా వాడు, "సరే, ఉన్నచోటే ఉందాం. రాత్రిళ్ళు వాడని యంత్రాలు ఆపేస్తే పోలా?" అన్నాడు. బిల్లు తగ్గింది నిజంగా దాంతోనే.

2023 డిసెంబరులో ఒప్పందం ముగిసింది. ఈసారి పట్టిక చివరి వరుస దాకా చదివాను, గట్టిగా, ఫోనులో వాడికి వినబడేట్టు. ఎనిమిదికి ఏడాది ప్రీమియం, జనవరి నుంచి పన్నెండుకి నెలవారీ. నెలవారీ దాంతో ఒక తంటా ఉంది. మనం తగ్గించకపోతే తేదీ రాగానే తనంతట తానే ఇంకో నెలకి సాగుతుంది, సీజను అయిపోయిందని దానికి తెలియదు. 2024 ఏప్రిల్ 15 దాటాక కొత్త నెల మొదలయ్యే తేదీకి ముందు పన్నెండుని మూడుకి తగ్గించాం. ఆ మూడూ ఎందుకంటే, అక్టోబరు దాకా గడువు పొడిగించుకున్న క్లయింట్లు కొందరు ఉన్నారు. వాళ్ళ ఫైళ్ళు చూసే ముగ్గురిలో మేనల్లుడూ ఒకడు.